పెద్ద స్పీకరుకీ చిన్న స్పీకరుకీ మధ్య గట్టు

ఎనభైల్లో గుంటూరు వైపు మా మైకుసెట్ల వాళ్ళం క్రాసోవర్‌ని ‘గట్టు’ అనేవాళ్ళం. పెట్టెలో పెద్ద స్పీకరు లావు శబ్దాలు పలకాలి, చిన్నది సన్నవి పలకాలి. ఒకదాని పొలం ఎక్కడ ఆగి రెండోదానిది ఎక్కడ మొదలవ్వాలో, అదే గట్టు. లోపలి కాయిలూ కండెన్సరూ మారిస్తే గట్టు జరుగుతుంది. వేసినచోట దాన్ని ఉండనిచ్చే బుద్ధి నాకు లేదు.

ఆ ఏడాది మా చర్చికి నేనే పెట్టె కట్టాను. ఆదివారం పాటలు ఎత్తుకునేది మా అమ్మ. నాన్నకి చెవుడొచ్చి చర్చి మానేశాడు. లావు మాటలు కాస్త అందేవి గానీ అమ్మ పాట అందేది కాదు. “ఆళ్ళు పెదాలాడిస్తుంటే నేను కూర్చుని ఏం చెయ్యనురా?” అనేవాడు. ఆయనకి అమ్మ పాట మళ్ళీ వినిపించాలి. అదొక్కటే నా పట్టుదల.

వారమంతా అమ్మని షాపులో కూర్చోబెట్టి పాడించాను. రెండు వేల సైకిల్స్, అంటే సెకనుకి రెండు వేల కంపనాల దగ్గర కోస్తాను, నచ్చదు. మూడు వేలు, ఊహూ. “ఒరేయ్, పొయ్యి మీద కూరుందిరా!” అని ఆమె మొత్తుకున్నా వదల్లేదు. ఇంట్లో అన్నం తింటూ “గట్టు ఇంకాస్త జరపాలే” అని గట్టిగా అన్నాను. నాన్న సరిగ్గా ఆ మాటే పట్టుకున్నాడు. “పక్కోడి గట్టు జరుపుతావా? సిగ్గు లేదంట్రా నీకు!” అని కేకలేశాడు. చివరికి మూడున్నర వేల దగ్గర బాగుందనిపించింది.

ఆదివారం నాన్నని బలవంతాన తీసుకెళ్ళి పెట్టె ముందే కూర్చోబెట్టాను. అమ్మ పాట ఎత్తుకుంది. నా మొహం మండా, బానలో తల పెట్టి పాడినట్టుంది! నాన్న నేల చూపులు చూస్తున్నాడు. గిటారు వాయించే మాస్టారు “ఏందయ్యా ఈ గుమ్ము?” అని గుడ్లురిమారు. అప్పుడు తట్టింది. మా షాపు పక్కనే పత్తి మిల్లు. వారమంతా దాని రొదలోనే విన్నాను. ఆ రొద లావు శబ్దాన్ని మింగేస్తుంటే, చాలలేదనుకుని గట్టుని పైకి జరిపి పెద్ద స్పీకరుకే ఎక్కువ పొలం రాసిచ్చాను. ఆదివారం మిల్లుకి సెలవని నాకు తెలీదా? తెలుసు. బుర్రుంటేగా!

పాస్టరు గారు మైకు లేకుండానే ప్రసంగం మొదలెట్టారు. నేను పెట్టె వెనక కూలబడి, సంచిలో ఉన్న వేరే కాయిలూ కండెన్సరూ తీసి వేసి గట్టుని రెండు వేలకి దింపాను.

చివరి పాటకి గొంతు తేటగా వచ్చింది. నేను నాన్న మొహమే చూస్తున్నాను. ఆయన తల పైకెత్తాడు. వింటున్నాడు! నాకు అక్కడే గంతులెయ్యాలనిపించింది.

పాట అయ్యాక నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

“మీ అమ్మ గొంతు ముసల్దయిపోయిందేందిరా? ఎప్పట్నించి?”

వారం రోజులు ఆమె చేత పాడించాను. ఒక్కసారి కూడా ఆమెని వినలేదు.