ఎండ సంగతి నేను చెప్పలేదు

ఒక మాట మింగి ఏడెనిమిదేళ్లయింది. ఇంతవరకు అరగలేదు. ఊళ్లో నన్ను ఎరిగినవాళ్లెవరికీ చెప్పుకోలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఇచ్చోడలో హైవే పక్కన హోటల్ నడుపుతాను. అంతవరకు తెలిస్తే చాలు. పొయ్యి మా ఆయనది. గల్లాపెట్టె నాది, వచ్చినవాళ్లతో మాట నాది. మాటలో నేను గట్టిదాన్ని. తప్పు ఒప్పుకోవడానికి కూర్చున్నంత మాత్రాన ఇప్పుడు అమాయకురాలిలా మాట్లాడలేను. తెలివి ఉంది కాబట్టే ఆ పని చేయగలిగాను.

రోడ్డుకు అవతల, మాకు సరిగ్గా ఎదురుగా ఖాజా హోటల్ ఉండేది. వయసులో నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. వాళ్ల సిలిండర్ అయిపోతే మాది రోడ్డు దాటేది. మా పాలు విరిగితే వాళ్ల పాలు ఇటు వచ్చేవి. సద్దుల బతుకమ్మ నాడు మా సత్తుపిండి వాళ్లింటికి, రంజాన్‌లో వాళ్ల హలీం మా ఇంటికి. అతని బిర్యానీ కోసం లారీ డ్రైవర్లు పనిగట్టుకుని బండ్లు ఆపేవారు. నా చేతి వంట కోసం ఎవరూ బండి ఆపలేదు. ఈ వాక్యం రాయడానికి కాస్త ఆగాల్సి వచ్చింది. రాశాను.

పెద్ద టీవీ పెట్టాలన్న ఆలోచన ముందు నాకే వచ్చింది. మ్యాచ్ ఉన్న రోజు జనం ఎక్కడ తెర ఉంటే అక్కడ చాయ్ తాగుతారు. మా ఆయనను తీసుకుని ఆదిలాబాద్ వెళ్లాను. షోరూంలో నల్ల గోడకు రెండు టీవీలు పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఒకటి ఓఎల్ఈడీ, ఇంకోటి క్యూఎల్ఈడీ. మొదటిదాన్ని చూసి మా ఆయన నోరు తెరిచాడు. అందులో నలుపు అంటే అమావాస్య నలుపు. పక్కకు జరిగి చూసినా రంగు మారలేదు. రెండోదానిలో నలుపు కొంచెం బూడిద రంగు కలిసినట్టుంది. మా ఆయన మొదటిదే కొందామన్నాడు. నేను ఆగమన్నాను. రెండింటినీ అద్దాల తలుపు దగ్గరికి, వెలుతురులోకి తెచ్చి చూపించమన్నాను.

అమ్మే ఆయన నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. విసుక్కోకుండా తెప్పించాడు. అక్కడ కథ మారిపోయింది. అమావాస్య నలుపు మీద మా ముఖాలు, బయటి ఆటోలు కనబడ్డాయి. రెండోది మాత్రం ఎండలో కూడా కళకళలాడింది. ఆయన విడమరిచి చెప్పాడు. ఓఎల్ఈడీలో ఒక్కో చుక్క తనంతట తానే వెలుగుతుందట, అందుకే చీకటి గదిలో దానికి సాటి లేదట. క్యూఎల్ఈడీకి వెనకనుంచి బలమైన లైటు ఉంటుంది కాబట్టి వెలుతురును తట్టుకుంటుందట. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఓఎల్ఈడీలో రోజంతా ఒకే చానెల్ పెడితే, కదలకుండా ఉండే గుర్తులూ పట్టీలూ కొన్నాళ్లకు తెర మీద మచ్చలా మిగిలిపోవచ్చట. ఇంటికైతే అది, హోటల్‌కైతే ఇది అన్నాడు. నేను క్యూఎల్ఈడీయే తెచ్చుకున్నాను.

మొదటి మ్యాచ్ రోజే మా బెంచీలు నిండిపోయాయి. ఖాజా దగ్గర బిర్యానీ పొట్లం కట్టించుకుని మా దగ్గరికి వచ్చి కూర్చుని తిన్నవాళ్లను నేను చూశాను. అతనూ చూశాడు. మర్నాడు పొద్దున గిరాకీ పలచబడ్డాక రోడ్డు దాటి వచ్చాడు.

"అక్కా, నీ టీవీ జబర్దస్త్ ఉన్నది. నేను గూడ ఒకటి తెద్దామనుకుంటున్న. నాకేం సమజ్ గాదు. నువ్వు అన్నీ చూసొచ్చినవ్ గదా, ఏది మంచిగుంటది?"

"ఓఎల్ఈడీ తీస్కో తమ్మీ. నలుపంటే గట్ల ఉంటది నలుపు. పక్కపొంటి కూసున్నోళ్లకు గూడ రంగు మారదు."

"మరి నువ్వెందుకు గది తేలే?"

"మాకు పైసలు సాల్లే. నువ్వన్న మంచిది తెచ్చుకో."

"నువ్వు చెప్పినంక ఇంగ ఫికర్ లేదక్కా" అన్నాడు. మా చాయ్ తాగి వెళ్లిపోయాడు.

చూశారా, పైసల మాట ఒక్కటే అబద్ధం. మిగతాదంతా నిజం. నలుపు నిజం, పక్కనుంచి చూస్తే మారని రంగు నిజం. చాలా కాలం ఆ నిజాలను అడ్డం పెట్టుకుని బతికాను. అడిగినదానికి ఉన్నదే చెప్పాను కదా, కొనేవాడు తను చూసుకోవద్దా, నన్ను ఎవరైనా తీసుకెళ్లి నేర్పించారా అని నాలో నేనే వాదించుకునేదాన్ని. వాదన ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. మరి గెలిచినదాన్ని మళ్లీ మళ్లీ ఎందుకు వాదించుకున్నాను? అతని హోటల్ పడమటి ముఖం. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా లోపలి గోడకు కొడుతుంది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు చూసే ఖాజాను రోజూ మా గల్లా దగ్గరనుంచి చూసేదాన్ని. ఆ క్షణంలో ఆ ఎండ నాకు గుర్తుంది. గుర్తుండే నోరు మూసుకున్నాను.

అతను కరీంనగర్ దాకా పోయి తెచ్చాడు. అక్కడి షోరూంలో ఏది కావాలని అడిగారట. మా అక్క చెప్పింది, ఓఎల్ఈడీయే కావాలి అన్నాడట. ఇంకేమీ అడగలేదట. వానాకాలానికి ముందు షెడ్డుకు కొత్త రేకులు వేయించాలనుకున్నవాడు ఆ పని వాయిదా వేసుకుని ఆ టీవీ తెచ్చాడు.

మధ్యాహ్నం మ్యాచ్ మొదలైతే అతని తెర మీద ఆటగాళ్లకంటే రోడ్డు మీది లారీలు బాగా కనబడేవి. జనం నవ్వారు. మొదట అతనూ నవ్వాడు. తర్వాత ఎండ రాకుండా ముందు భాగమంతా ఆకుపచ్చ నెట్టు కట్టాడు. దానితో బొమ్మ కనబడింది, హోటల్ కనబడకుండా పోయింది. రోడ్డు మీదనుంచి చూస్తే మూసి ఉన్నట్టుండేది. బండి నెమ్మది చేసిన డ్రైవర్లు మళ్లీ వేగం పెంచి పోయేవారు. నేను ఇవతల కూర్చుని అదంతా చూశాను. ఒక్కసారి రోడ్డు దాటి వెళ్లి, నెట్టు తీసెయ్ తమ్మీ, టీవీ అమ్మేసెయ్, తప్పు నాది అని చెప్పవచ్చు. ఎంత దూరం? చెప్పలేదు. పైగా అతని దగ్గర ఆగని బండ్లు కొన్ని మా దగ్గర ఆగుతున్నాయి.

మ్యాచ్‌లు లేని రోజుల్లో పొద్దంతా వార్తల చానెలే పెట్టేవాడు. ఏడాది తిరిగేసరికి కింది ఎర్ర పట్టీ మరక కట్టింది. సినిమా పెట్టినా ఆ పట్టీ నీడలా అక్కడే. గ్యారంటీ కింద రాదన్నారు. ఆ వానాకాలం పాత రేకులు కారాయి. ఆ తర్వాత ఖాజా హోటల్ ఎత్తేశాడు. టీవీ ఒక్కటే ముంచిందా? అదొక్కటే కాదని వాదించగలను. కానీ మొదటి దెబ్బ ఎవరిదో నాకు తెలుసు. పోయే రోజు వచ్చి, "నా నసీబ్ గట్లున్నదక్కా, నువ్వైతే మంచిదే చెప్పినవ్" అన్నాడు. నేను తల ఊపాను. నన్ను అడిగితే, మొదట చేసినదానికన్నా ఆ తల ఊపడమే పెద్ద తప్పు.

నిర్మల్ అవతల ఒక ధాబాలో వంటమాస్టర్‌గా కుదిరాడు. పండగలకు ఫోన్ చేసేవాడు. ఇక్కడ నా హోటల్ పెరిగింది, పేరూ పెరిగింది. ఎవరు టీవీ కొన్నా నన్ను అడిగి కొంటారు. గదిలో వెలుతురెంత, ఎంత దూరంనుంచి చూస్తారు, ఏం చూస్తారు అని నేను ముందు అడుగుతాను, తర్వాతే చెబుతాను. ఒక్కరికి కూడా మళ్లీ తప్పు చెప్పలేదు.

పోయిన నెల మధ్యాహ్నంపూట ఖాజా ఫోన్ చేశాడు.

"అక్కా, మా సేఠ్ ధాబాల పెద్ద టీవీ పెడ్తడట. ముందరంత ఓపెన్, ఎండ బాగ కొడ్తది. మా అక్కకు టీవీల సంగతి ఎరుక, అడిగి చెప్త అన్న. ఏది తెమ్మంటవ్?"

నిజం చెబితే అతనికి అర్థమైపోతుంది. పాత మాటే మళ్లీ చెబితే నేను బయటపడను, కానీ ఈసారి మాట పోయేది సేఠ్ దగ్గర ఖాజాది. ఒక్కసారి నాశనం చేసిన మనిషిని మళ్లీనా?

"ఎండ తగిలే జాగల క్యూఎల్ఈడీ పెట్టాలె ఖాజా. నీకు చెప్పింది వద్దు."

"గట్లనా" అన్నాడు. అటునుంచి పెనం మీద గరిటె గీకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"ఎరుక లేక చెప్పిన అనుకోకు తమ్మీ. గప్పుడు గూడ నాకెరుకే. నీ గిరాకీ నాకు రావాల్నని ఎండ సంగతి చెప్పలే."

పెనం మీద గరిటె మళ్లీ గీకింది. "సేఠ్ పిలుస్తుండక్కా" అని ఫోన్ పెట్టేశాడు.

అక్కా అన్నాడు. అలవాటు కొద్దీ అన్నాడో ఏమో. ఆ ఒక్క మాటలోంచి క్షమ పిండుకునే ప్రయత్నం నేను చేయను. ఆ తర్వాత మొన్న పండగ వచ్చింది, పోయింది. ఫోన్ రాలేదు. రాకపోవడమే న్యాయం. నేను చేయాలా? చేసి ఏమడగాలి?

ఎవరూ నన్ను పట్టుకోలేదు, ఎవరూ నిలదీయలేదు. నా నోటితో నేనే చెప్పాను. అతనికి చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పాను. తెలియక జరిగింది కాదు, తెలిసే చేశాను.