మార్నింగ్ షో సముద్రం

మా నాన్నకి రాక్షసుల సినిమాలంటే ప్రాణం. పౌరాణికాల్లో గదలు తిప్పే రాక్షసులు కాదు, ఇంగ్లీషు సినిమాల్లో రాక్షసులు. సముద్రం అడుగునుంచి లేచే బల్లులు, మేడలంతేసి సాలీళ్ళు, పళ్ళెంలాంటి వాహనంలో దిగి మన భాష రాక తిప్పలు పడే వేరే గ్రహం వాళ్ళు. బందరు హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, ఎండాకాలంలో కూడా మెడదాకా గుండీలు పెట్టుకునే మనిషి, ఆదివారం మార్నింగ్ షోకి ఇంగ్లీషు సినిమా పడిందంటే చిన్నపిల్లాడైపోయేవాడు. అమ్మకి ఆ సినిమాలు గిట్టవు. "డబ్బులిచ్చి మరీ దడుచుకోవడం ఏమిటండీ" అనేది. అందుకని నాన్నకి తోడు నేనే. ఆ రోజుల్లో నాకు పన్నెండేళ్ళు ఉంటాయేమో.

బందరుకి రాని రాక్షసుడు గుడివాడ వచ్చాడని తెలిస్తే నాన్నకి ఉన్నట్టుండి అత్తగారిని చూడాలనిపించేది. పామర్రులో బస్సు మారి, గుడివాడలో దిగి, అమ్మమ్మని కుశలమడిగి, ఆవిడ పెట్టిన టిఫిను తిని, "పిల్లని అలా తిప్పుకొస్తానండీ" అని బయటపడేవాడు. అమ్మమ్మ మాత్రం అల్లుడి ప్రేమకి పొంగిపోయి గారెలకి పప్పు నానబోసేది. ఇలాంటి అల్లుడు ఎవరికి దొరుకుతాడని వీధంతా చెప్పుకునేది కూడాను.

నేను చూసిన మొదటి బల్లి గుడివాడలోనే. తెర నిండా నోరు తెరిచేసరికి నేను నాన్న చొక్కాలో మొహం దాచేసుకున్నాను. నాన్న నా చెవిలో, "దాని వీపు చూడు అమ్మడూ, జిప్పు కనిపిస్తోంది" అన్నాడు. భయపడుతూనే చూశాను. నిజంగానే మెడ దగ్గర్నుంచి తోకదాకా కుట్టు కనిపించింది. లోపల ఎవరో మనిషి చెమటలు కక్కుకుంటూ నడుస్తున్నాడని తెలిశాక భయం పోయి జాలి వేసింది. ఆ జాలి నాన్న అంటించిందే. ఏ సినిమాకి వెళ్ళినా ఆయన రాక్షసుడి పక్షమే. "దాని మానాన అది పడుకుని ఉంటే బాంబులు వేసి లేపారు. లేచాక అల్లరి చేస్తోందని ఏడుస్తున్నారు" అని ఇంటికి వచ్చేదాకా వాదించేవాడు. ప్రతి సినిమాలోనూ తెల్లకోటు శాస్త్రవేత్త ఒకడు ముందే హెచ్చరిస్తాడు, మిలిటరీ వాళ్ళు వినరు. అక్కడ నాన్నకి తను పాఠం చెప్పే తొమ్మిదో తరగతి గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయేది.

బందరు హాల్లో ఆడవాళ్ళకి వేరే బెంచీలు, మధ్యలో నడుమెత్తు గోడ. నాన్న గోడకి అవతల, నేను ఇవతల. ఇంగ్లీషు సినిమాకి వచ్చే ఆడవాళ్ళు తక్కువే కానీ, వచ్చినవాళ్ళందరికీ కథ కావాలి. బడికి వెళ్ళే పిల్లని కనక చెప్పాల్సింది నేను. నాకు వచ్చిన ఇంగ్లీషు మా వాచకంలో నాలుగో పాఠం దాకా. అయినా నేనెప్పుడూ వెనక్కి తగ్గలేదు. తెర మీద ఇద్దరు మాట్లాడుకుంటుంటే, "ఆస్తి తగాదా" అని చెప్పేదాన్ని. పళ్ళెం దిగగానే, "వాళ్ళ ఊళ్ళో కరువొచ్చి వచ్చారు" అనేదాన్ని. ఇనుగుదురుపేట నుంచి వచ్చే ఒక పెద్దావిడ బురఖా తలమీదికి ఎత్తుకుని, నా ఒళ్ళో వేరుశనక్కాయలు పోసి, "ఆ పిల్లకి పెళ్ళి కుదిరిందా లేదా, అది చెప్పమ్మా ముందు" అని తొందరపెట్టేది. బల్లి ఊరిని తొక్కుతూ ఉండగానే నేను ఆ పెళ్ళి కుదిర్చేదాన్ని.

ఇలా ఉండగా కార్తీకమాసంలో ఉప్పెన వచ్చింది.

అమ్మ చెల్లెల్ని, మా పిన్నిని, దివిసీమలో ఇచ్చారు. అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు వెళ్ళాలి. ఆ రోజు బాబాయి ధాన్యం మిల్లు పనిమీద గుడివాడలో ఉన్నాడు. ఇంట్లో పిన్ని, ఆవిడ అత్తగారు, ఇద్దరే. నీళ్ళు వచ్చాయి. పిన్ని కొట్టుకుపోతూ ఒక తుమ్మచెట్టుకి చిక్కుకుని బతికింది. అత్తగారు పోయింది. బాబాయి పిన్నిని మా ఇంటికి తీసుకొచ్చేసరికి ఆవిడ చేతుల నిండా ముళ్ళు గీరుకుపోయిన గాట్లు. అమ్మని చూసి ఒకే మాట అంది. "అత్తయ్యగారి చెయ్యి నేను వదిలేశానక్కా." ఆ తరవాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఏ సంగతీ ఎత్తలేదు. వెనకగదిలో కూర్చుని, ఒకసారి ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతూ ఉండేది.

ఆవిడ మా ఇంటికి వస్తే నవ్వుతూ వచ్చేది ఇదివరకు. నాకు జడ వేస్తూ లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పేది. ఆ మనిషి అలా అయిపోతే నాకు ఇంట్లో అన్నం సహించేది కాదు.

బాబాయి ఆదివారం ఆదివారం వచ్చేవాడు. పాత ఇంటి దిబ్బ మీద తాటాకుల పాక వేశాడు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగి, పొలంలో మేట వేసిన ఇసక గురించి నాన్నతో కాసేపు మాట్లాడి వెళ్ళిపోయేవాడు. పిన్ని గడప దాటి ఆయన ఎదటికి వచ్చేది కాదు. రమ్మని ఆయనా అడిగేవాడు కాదు. "వాళ్ళమ్మని వదిలేసినదాన్ని ఆ మొహం ఎలా చూస్తాను" అని మాత్రం ఒకసారి అమ్మతో అందిట. ఇక తిరిగి వెళ్ళదేమోనని అమ్మ బెంగపెట్టుకుంది. వెళ్ళకపోతే ఆ సంసారం ఏమవుతుందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

సంక్రాంతి వెళ్ళాక ఒక శనివారం నాన్న కరపత్రం పట్టుకొచ్చాడు. దాని మీద రాకెట్ బొమ్మ. "చంద్రుడి మీదికి వెళ్ళే కథ. అక్కడ చుక్క నీళ్ళు ఉండవు. మీ చెల్లెల్ని తీసుకెళ్దాం" అన్నాడు. అమ్మ మొదటిసారి ఒక ఇంగ్లీషు సినిమాకి సరేనంది. నిజానికి మా ఊరి ప్రెస్సులో ఇంగ్లీషు సినిమాలకి ఉన్నది ఆ ఒక్క రాకెట్ బొమ్మ బ్లాకే. దయ్యం సినిమాకీ అదే వేస్తారు, సాలీడు సినిమాకీ అదే వేస్తారు. ఆ సంగతి బందరులో నాన్నకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కానీ ఆ వారం చంద్రుడు ఆయనకి అంత అవసరమైపోయాడు.

గాలివానకి ఎగిరిపోయిన రేకుల్నే ఏరుకొచ్చి హాలుకి మళ్ళీ కప్పారు. పాత మేకుల బొక్కల్లోంచి ఎండ పడి తెర మీద చుక్కలు చుక్కలుగా ఉంది. పిన్నిని గోడ పక్కన కూర్చోబెట్టి నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. న్యూస్ రీలు అయింది. సినిమా మొదలైంది. మొదలవడమే సముద్రం.

ఒక ఓడ, తెల్లకోటు మనిషి, నీళ్ళలోంచి లేచిన ఒక తల. నాన్న గోడ అవతల లేచి నిలబడి, బయటికి తీసుకురమ్మని నాకు చేత్తో సైగలు చేస్తున్నాడు. వెనకవాళ్ళు కూర్చోమని కేకలేస్తున్నారు. "పిన్నీ, వెళ్ళిపోదాం పద" అన్నాను. ఆవిడ కదల్లేదు, తెర మీంచి చూపు తిప్పలేదు. నేను లాగినా రాలేదు. ఇనుగుదురుపేట పెద్దావిడ కథ చెప్పమని నన్ను పొడుస్తోంది. జీవితంలో మొదటిసారి నాకు అబద్ధమొక్కటీ తోచలేదు.

రాక్షసి తోక విసిరింది. కెరటం లేచింది. రేవు ఊరి మీద పడింది. హాల్లో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. పిన్ని ముందుకి వంగి చూసి, మామూలు గొంతుతో, "అవి బొమ్మరిళ్ళే" అంది. "నీళ్ళ చుక్కలు చూడు, ఒక్కోటి గుమ్మడికాయంత ఉంది. తొట్టిలో పోసి కొడుతున్నారు." నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఇన్ని నెలల్లో ఆవిడ అన్ని మాటలు వరసగా మాట్లాడటం అదే.

అప్పుడు వచ్చింది హీరో సీను. నడుంలోతు నీళ్ళలో హీరో ఒక చేత్తో వీధిదీపం స్తంభాన్ని పట్టుకున్నాడు, రెండో చేత్తో కొట్టుకుపోతున్న పిల్ల మణికట్టు అందుకున్నాడు. కెరటం మీద కెరటం వచ్చి పడుతోంది. ఆయన జుట్టు కూడా చెదరలేదు. పిల్లని పైకి లాగేశాడు. హాలంతా చప్పట్లు, ఈలలు.

పిన్ని నవ్వింది. ఇదివరకటి నవ్వు కాదు. గొంతులో ఎక్కడో చిక్కుకుని, దగ్గులా మొదలై, తరవాత ఆగకుండా వచ్చింది. కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "ఒంటి చేత్తోనా" అంది. "అలా పట్టుకోలేరే ఎవరూ. చేతులు తడిగా ఉంటాయి కదే. చీర బరువు ఉంటుంది. నీళ్ళు లాగేస్తాయి. ఎవరి తరమే అది." ఇనుగుదురుపేట పెద్దావిడకి ఏం అర్థమైందో, లేచి వచ్చి పిన్ని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, కానీ మా పిన్ని మాట్లాడుతోందని ఒళ్ళంతా సంతోషంగా కూడా ఉంది.

ఆ సినిమాలో రాక్షసి చివరికి ఏమైందో నాకు గుర్తులేదు. దారి పొడుగునా నాన్న తలవంచుకుని నడిచాడు, ఆ రోజు దాని పక్షాన వాదించలేదు. "తప్పయింది అమ్మాయీ" అని ఒకసారి అన్నాడు. "బాగుంది బావగారూ" అంది పిన్ని.

బాబాయి అప్పటికే వచ్చి అరుగు మీద ఉన్నాడు. పిన్ని లోపలికి వెళ్ళలేదు. చెప్పులతోనే ఆయన ఎదట నిలబడింది.

"సినిమాలో ఒకడు ఒంటి చేత్తో మనిషిని పట్టుకుని ఉప్పెనలో నిలబడ్డాడండీ" అంది. "అదంతా అబద్ధం. నేను రెండు చేతులా పట్టుకున్నాను. అయినా జారిపోయింది."

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. ఆ మాట కోసమే ఇన్ని ఆదివారాలూ ఆయన అక్కడ కూర్చున్నాడని నాకు అప్పుడు అనిపించింది.

"నేను పట్టుకున్నా జారేదే" అన్నాడు.

పిన్ని అరుగు అంచున కూలబడింది. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నన్ను వీధిలోకి తీసుకెళ్ళబోయాడు కానీ నేను కదల్లేదు. పిన్ని మొహం తుడుచుకుని బాబాయిని అడిగింది.

"పాకలో పొయ్యి ఏ మూల వేశారు?"