రెండో గూటి పన్నెండు కోళ్ళు

మా ఇంటి ఓనరు సారు పోయారన్న వార్త నాకు డాబా మీద తెలిసింది. ఆదివారం పొద్దున, పదకొండో వారం తూకం సగంలో ఉంది. నా చేతిలో పద్నాలుగో నెంబరు కోడి ఉంది. రాత్రంతా నారాయణగూడ నర్సింగ్ హోంలో ఆయనకు తోడుగా ఉన్న మావారు వచ్చి, మెట్ల దగ్గరే నిలబడి, "సారు పోయిండ్రు. తెల్లారంగ, నిద్రలనే" అన్నారు. నేను ఆ కోడిని కాటాకు తగిలించి, ముల్లు ఆగేదాకా చూసి, అంకె రాసి, దాన్ని గూట్లోకి వదిలాను. మిగిలిన పదింటినీ తూచాను. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది. మావారు నన్ను వింతగా చూశారు. సారైతే, ముందు తూకం పూర్తిచేసినందుకు మెచ్చుకునేవారు.

అశోక్‌నగర్‌లో ఆ ఇంటి కింది వాటాలో మేం పదకొండేళ్ళుగా కిరాయికి ఉంటున్నాం. పై వాటాలో సారు ఒక్కరే ఉండేవారు. కృష్ణా జిల్లా మనిషి. ఉద్యోగం కోసం చిన్న వయసులోనే ఈ ఊరొచ్చి, పశువైద్య కాలేజీలో కోళ్ళ మేత గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య మేం రాకముందే పోయారట. మా గల్లీలో అందరికీ ఆయన కోళ్ళ సారు. కోడి మాంసం మాత్రం ముట్టేవారు కాదు. గుడ్డు తినేవారు. పగలగొట్టే ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు బరువు చూసేవారు.

రోజూ పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడిచి వెళ్ళి పేపర్లన్నీ చదివి, వస్తూ వస్తూ ఆకుకూర తెచ్చుకునేవారు. ఏ దుకాణంలో ఏ పొట్లం తీసుకున్నా, దాని మీద రాసింది మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదవాల్సిందే. ఒకసారి నేను పక్కనే ఉండగా కిరాణా అతను విసుక్కున్నాడు. "సార్, కొంటరా, చదువుతరా? ఎన్క లైనున్నది."

"చదివి కొంటానయ్యా. నువ్వు చదవకుండా అమ్ముతున్నావు కదా, ఇద్దరిలో ఒకరైనా చదవాలి."

నన్ను ఆ కోళ్ళ పనిలోకి దింపింది మా వంటింటి గోడ మీది క్యాలెండరు. గ్యాస్ సిలిండరు ఏ రోజు పెట్టామో, ఎన్ని రోజులు వచ్చిందో, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొచ్చిందో నేను దాని మీద రాసి పెడతాను. నాకదో అలవాటు. ఒక రోజు మంచినీళ్ళ కోసం వచ్చిన సారు ఆ క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడ్డారు. "అమ్మాయ్, నా విద్యార్థుల్లో ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు. డాబా మీద కోడిపిల్లల్ని పెంచుతున్నాను. వారానికోసారి తూకం రాసిపెడతావా?" అన్నారు.

"కోళ్ళెందుకు సార్ ఈ వయసుల?" అన్నాను నవ్వుతూ.

"ఒక తప్పు చేశానేమోనని అనుమానం. తేల్చుకోవాలి" అన్నారు. ఆయన నవ్వలేదు.

ఆ తప్పు ఏమిటో తర్వాత కొద్దికొద్దిగా చెప్పారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు శామీర్‌పేట వైపు ఒక రైతుల మీటింగులో ఆయన మాట్లాడారట. గుడ్ల కోడిపిల్లలకు మొదటి ఆరు వారాలు చౌక దాణా పెట్టినా పర్వాలేదని, తర్వాత మంచి దాణా పెడితే వెనకబడినవి అందుకుంటాయని అన్నారట. ఆ ఊళ్ళో ఒక చిన్న రైతు అలాగే చేశాడు. అతని కోళ్ళు పొట్టిగానే ఉండిపోయాయి. ఆలస్యంగా గుడ్డు మొదలుపెట్టాయి, అదీ పావురం గుడ్డంత. అతను షెడ్డు మూసేశాడు. సంగతి తెలిసి సారు వెళ్ళి చూశారు. ఖాళీ షెడ్డు ముందు ఆ రైతు మంచం వేసి, టీ ఇచ్చి పంపాడట. ఒక్క మాట అనలేదట. "తిట్టి ఉంటే బాగుండేదమ్మా" అనేవారు సారు.

అందుకే డాబా మీద రెండు జాలీ గూళ్ళు కట్టించారు. ఒక్కో గూట్లో పన్నెండు ఆడ కోడిపిల్లలు, కాళ్ళకు నెంబరు రింగులు. మొదటి గూటికి మొదటి రోజు నుంచీ మంచి దాణా. రెండో గూటికి ఆరు వారాల పాటు మొక్కజొన్న నూక, పల్లీ చెక్క, తవుడు. ఆ తర్వాత అవి కూడా మంచి దాణాకు మారతాయి. వెనకబడినవి అందుకుంటాయా లేదా? ఆయనకు తెలియాల్సింది అదొక్కటే.

"పల్లీ చెక్క మంచిదే గద సార్, బలం గద?" అని అడిగాను.

"బలమే. కానీ మాంసకృత్తులన్నీ ఒకటి కావు. వాటిలో ఇరవై దాకా రకాల ముక్కలుంటాయి, అమైనో ఆమ్లాలని. పిల్లకి అన్నీ కావాలి. లైసిన్, మెథియోనిన్ అని రెండు మాత్రం మన దాణాల్లో ఎప్పుడూ తక్కువ పడతాయి. నువ్వు చెప్పు. పది గ్లాసుల ఇడ్లీ రవ్వ ఉంది, మినప్పప్పు ఒక్క గ్లాసే ఉంది. ఇడ్లీలు ఎన్నవుతాయి?"

"ఒక్క గ్లాసు పప్పుకు ఎన్నయితయో గన్నే. మిగిలిన రవ్వ దండుగ."

"కోడిపిల్ల కూడా అంతే పెరుగుతుంది."

లైసిన్, మెథియోనిన్ రెండూ తెల్లటి పొడులుగా డబ్బాల్లో ఉండేవి. మెథియోనిన్ డబ్బా మూత తీస్తే ఉడికిన క్యాబేజీ వాసన. చిటికెడు చిటికెడుగా తూచి మొదటి గూటి దాణాలో కలిపేవారు. నేను ఆదివారాలు ఒక్కొక్క పిల్లను తూచి, నా కుట్టుపని టేపుతో కాలి ఎముక పొడవు కొలిచి, నోట్‌బుక్కులో రాసేదాన్ని. ఎదురింటావిడ గోడ మీద నుంచి ఎగతాళి చేసేది. "అక్కా, గా కోళ్ళకు లంగా జాకెట్లు కుడుతున్నవా ఏంది, కొలతలు తీస్తున్నవ్?"

మూడో వారానికే తేడా కంటికి కనిపించింది. మొదటి గూటివి గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. రెండో గూటివి సన్నగా, ఈకలు రేగిపోయి, తొట్టి ఖాళీ అయినా దాన్నే పొడుస్తుండేవి. "కడుపు నిండుతనే ఉన్నది గద సార్, ఇంకా ఎందుకు వెతుకుతున్నయి?" అంటే ఆయన అన్నారు: "ఆకలి కడుపుకే కాదమ్మాయ్, ఎముకకీ ఉంటుంది. ఎముక అరవదు, అంతే."

ఆ మాట విన్నాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఇద్దరు పిల్లల్ని పెంచిన దాన్ని. ఒక పంక్తిలో ఒకరి కంచంలో పప్పు వేసి, పక్కవాళ్ళ కంచంలో వేయకుండా పోవడం నా చేతికి రాదు. మర్నాడు పొద్దున డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్తూ, మా పిల్లల కోసం మొలకెత్తించిన పెసలు గుప్పెడు, ఉడికించిన గుడ్డు ఒకటి చిదిపి తీసుకెళ్ళాను. రెండో గూట్లో చల్లాను. క్షణంలో మాయం. ఆ తర్వాత రోజూ అదే పని. సారు లైబ్రరీకి వెళ్ళే వేళ అది. ఆదివారం తూకాలు మాత్రం ఒక్క గ్రాము తేడా లేకుండా రాశాను. గుప్పెడు మొలకలతో ఏమవుతుందిలే అనుకున్నాను. ఆయన అడిగిన ఇడ్లీ లెక్కకు జవాబు చెప్పి కూడా, ఆ గుప్పెడే తక్కువ పడిన మినప్పప్పు అని నాకు తట్టలేదు.

పద్నాలుగో వారానికి రెండో గూటివి మొదటి గూటివాటిని దాదాపు అందుకున్నాయి.

సారు ఆ రోజు నోట్‌బుక్కు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. వేలు పెట్టి వరుసలు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అందుకున్నాయమ్మా! నేను చెప్పింది తప్పు కాదు. అతని షెడ్డులో ఇంకేదో జరిగి ఉంటుంది" అన్నారు. సాయంత్రం చిక్కడపల్లి నుంచి వేడి జిలేబీ తెచ్చి మా పిల్లలకు స్వయంగా పంచారు. రైతుల కోసం చిన్న వ్యాసం రాసి పేపరుకు పంపుతానన్నారు. అంత తేలికగా మెట్లెక్కడం నేనెప్పుడూ చూడలేదు.

నేను మూడు రోజులు ఓర్చుకున్నాను. ఆ వ్యాసం చదివి ఇంకెవరో తమ పిల్లలకు చౌక దాణా పెడతారు. ఇంకో షెడ్డు ఖాళీ అవుతుంది. నాలుగో రోజు పైకి వెళ్ళాను.

"సార్, ఒక మాట చెప్తా. కోపం చేయొద్దు."

చెప్పాను. ఆయన చేతిలో కలం ఉంది. కింద పెట్టలేదు.

"ఎన్నాళ్ళు?"

"మూడో వారం నుంచి మంచి దాణాకు మారేదాంక. రోజూ."

"ఎంత?"

"గుప్పెడు. ఇంకో గుడ్డు."

"తూచావా?"

"లేదు సార్."

"అన్నీ రాస్తావు. ఇదొక్కటి రాయలేదా?"

అంతే అన్నారు. గొంతు పెంచలేదు. రాసిన కాగితాలు మడిచి సొరుగులో పెట్టుకున్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారిచ్చేవారు, అదే నాకు శిక్ష. మూడో రోజు కిందికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఆ కోళ్ళని తెలిసినవాళ్ళ ఫారానికి పంపేశాను. వచ్చే వారం కొత్త పిల్లలొస్తాయి. మళ్ళీ మొదటి రోజు నుంచి. ఈసారి నీ గుప్పెడు నీ దగ్గరే ఉంచుకో."

"నన్నే రాయమంటరా సార్?"

"తప్పు చేసి చెప్పినదానివి నువ్వొక్కదానివే కదా. నేనింకా చెప్పలేదు."

రెండోసారి నేను బట్టలు వీధి వైపు వరండాలోనే ఆరేశాను. రెండో గూటి వైపు ఆదివారం తప్ప చూడలేదు. ఆరు వారాలయ్యాక మంచి దాణాకు మారాయి. బాగా తిన్నాయి, కొంచెం ఒళ్ళు చేశాయి. కానీ టేపు పెడితే కాలి ఎముక మాత్రం వెనకే ఉంది. ఏడో వారం, ఎనిమిదో వారం, తొమ్మిదో వారం. సారు అంకె చదవమనేవారు, తలూపేవారు.

పదో వారంలో గుండెనొప్పి వచ్చి నారాయణగూడ నర్సింగ్ హోంలో చేరారు. నేను క్యారియర్ తీసుకుని వెళ్తే, అన్నం సంగతి వదిలి, కాగితం తీయమన్నారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. ఆ రైతుకు ఉత్తరం. నాలుగే వాక్యాలు. "ఆనాడు నేను మీటింగులో చెప్పింది తప్పు. మొదటి వారాల్లో ఎముకకు అందనిది తర్వాత పెట్టినా పూర్తిగా అందదు. నా మాట వల్ల మీరు నష్టపోయారు. నన్ను క్షమించండి." కింద సంతకం పెట్టారు.

"ఇప్పుడే డబ్బాల ఏస్తా సార్, పోస్టాఫీసు బాజూకే ఉన్నది."

"వద్దు. ఇరవయ్యో వారం తూకం అయ్యాక పంపు. సగం లెక్కతో క్షమాపణ అడగకూడదు."

ఆయన మాట ప్రకారమే చేశాను. ఆయన పోయాక తొమ్మిది ఆదివారాలు ఒక్కదాన్నే తూచాను. ఊరి నుంచి వచ్చిన ఆయన తమ్ముడు ఆ తూకాలు అయ్యేదాకా గూళ్ళు ఉంచుకోమన్నారు. ఇరవయ్యో వారానికి మొదటి గూట్లో గుడ్లు కనిపించాయి. రెండో గూట్లో ఒక్కటీ లేదు. సోమవారం ఉత్తరం పంపాను.

వారం తిరక్కుండా ఆ రైతు వచ్చాడు. అరవై దాటిన మనిషి, భుజాన తువ్వాల. ఉత్తరం జేబులో ఉంది.

"సారున్నడా అక్కా?"

"సారు పోయి రెండు నెలలైందన్నా."

గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపలికి పిలిచి నీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"నేనా మీటింగుల ఎన్క కూసున్న అక్కా. సారు చెప్పింది సగం ఇనవడనే లేదు. నా దగ్గర గప్పుడు పైసల్లేవు, అగ్గువ దాణా తెచ్చి ఏసిన. ఆయన చెప్పకున్నా గదే చేస్తుంటి. గిన్నేండ్లు గీ బరువు మోసిండా? ఒక్కసారి అడిగితే చెప్తుంటి గద."

మొదటిసారి నేను ఆ గుప్పెడు వేయకపోయి ఉంటే, ఇరవయ్యో వారం సారు ఉండగానే వచ్చేది. ఉత్తరం వెళ్ళేది. ఈ మనిషి ఇలాగే వచ్చి ఈ మాటే చెప్పేవాడు, వినవలసినవారికి. ఆ సంగతి అతనికి చెప్పాను. అతను నన్ను కూడా ఏమీ అనలేదు.

డాబా మీదికి తీసుకెళ్ళాను. ఏ గూడు ఏదో నేను చెప్పనక్కర లేకపోయింది. రెండో గూటి ముందు గొంతుక్కూర్చుని, ఒకదాన్ని బయటికి తీసి, రొమ్ము ఎముక మీద బొటనవేలు పెట్టి చూశాడు. "గివి నాకిస్తవా అక్కా? గుడ్డు పెట్టినా పెట్టకున్నా మంచిదే, ఇంటి ముంగట తిరుగుతయి" అన్నాడు.

సారు తమ్ముడికి ఫోన్ చేసి అడిగి, పన్నెండింటినీ గంపలో పెట్టి ఇచ్చాను. నేను డాబా అంచున నిలబడి చూస్తుండగా అతను ఎక్కిన ఆటో మా గల్లీ దాటి మెయిన్ రోడ్డు వైపు తిరిగింది. మధ్యాహ్నపు ఎండ నేరుగా లోపలికి పడుతోంది. అతను భుజం మీది తువ్వాల తీసి గంప మీద పరిచి, అది గాలికి లేవకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.