అమ్మ చెయ్యి ఆగితేనే కథ

పోయిన సోమవారం పొద్దున్నే బోయిగూడ నుంచి అమ్మ ఫోను. "మీ సారు పోయిండు బిడ్డా. నిద్రల్నే పానం పోయింది." మా తెలుగు సారు భార్యను శిష్యులమంతా అమ్మ అనే పిలుస్తాం. వెంటనే ఇంకో మాట అంది. "ఆదివారం కాఠ్మాండూ దోస్తు వస్తున్నడు. గిప్పుడెట్ల?"

ఆ రాక కోసం నెల రోజులుగా సారుకు కాలు ఒకచోట నిలవలేదు. ఎన్నో ఏళ్ల స్నేహం, అంతా ఫోనులోనే. ఒకరినొకరు కళ్లారా చూసుకున్నది లేదు.

కంటోన్మెంట్ పక్కన బడిలో పనిచేసేటప్పుడు, నేపాలీ సిపాయిల పిల్లలకు తెలుగు నేర్పుతూ వాళ్ల భాష తాను నేర్చేసుకున్నారు సారు. అక్కడి కథల్ని తెలుగు చేసేవారు. మన కథల్ని ఫోనులో చెబితే, అవతల రచయిత అయిన ఆ దోస్తు నేపాలీలో రాసుకునేవారు. సారు గొంతు ఎంత పెద్దదంటే, కిటికీ తెరిస్తే చాలదా, ఫోనెందుకని మేం ఏడిపించేవాళ్లం. ఆయన నవ్వేసేవారు. "మనకు వాళ్లకు రాకపోకలు ఈనాటివా? యాత్రలు పోయేటోళ్లు పోయిండ్రు, ఎంబడి కథలు సుత పోయినయ్. మనం గా బాట జెర ఊడుస్తున్నం, గంతే."

ఒక కథలో గుంద్రుక్ వచ్చింది. ఆకుకూరను పులియబెట్టి, ఎండబెట్టి, చారు కాస్తారట. రుచి చూడకుండా ఆ పేరా రాయనని మొండికేశారు! నన్ను మోండా మార్కెట్‌కు లాక్కెళ్లి, ముల్లంగి ఆకు సంచీడు కొనిపించి, డబ్బాలో కుక్కారు. నాలుగు రోజులకు అమ్మ పరేషాన్. పక్కింటాయన ముక్కు మూసుకుని వచ్చాడు.

"ఏందీ వాసన సారూ?"

"సాహిత్యం!"

చివరికి ఆ చారు ఆ పక్కింటాయనే రెండు గ్లాసులు తాగాడు. ఆ పేరా ఎంత బాగా కుదిరిందో!

ఏ అనువాదమైనా ముందు అమ్మకు చదవాల్సిందే. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ వినేది. ఎక్కడో ఒకచోట ఆమె చెయ్యి ఆగితే కథ కుదిరినట్టు. ఆగకపోతే మళ్లీ మొదటి నుంచి రాసేవారు. బాగుంది సారూ అని నేనంటే, "నువ్వు మెచ్చుకుంటే ఏం ఫాయిదా? గామె చెయ్యి ఆగాలె" అనేవారు.

చివరిగా తెలుగు చేసింది ఆ దోస్తు రాసిన కథే. ఏటికి చెరో ఒడ్డున ఉండి, ఏళ్ల తరబడి కేకలతోనే కబుర్లు చెప్పుకున్న ఇద్దరు ముసలమ్మలు, వంతెన కట్టాక మొదటిసారి కలుసుకుంటారు. దీన్ని మాత్రం అమ్మకు చదవకుండా దాచారు, దోస్తు ఎదుటే చదవాలని.

"రమ్మను," అంది అమ్మ ఆ సోమవారమే. "ఆయన షురూ చేసింది ఆగొద్దు."

ఆదివారం ఆ దోస్తు వచ్చారు. సారు ఫొటోకు దండం పెట్టి, కూర్చుని తన కథ నేపాలీలో చదివారు. తర్వాత సారు తెలుగు అనువాదం నేను అందుకున్నాను. మొదటి వాక్యం నాకే వినపడనంత మెల్లగా చదివాను.

అమ్మ తుంచుతున్న చిక్కుడుకాయల మీంచి తలెత్తకుండానే అంది. "గట్టిగ చదువు బిడ్డా. మీ సారు గట్లనే చదువుతుండె."

గట్టిగా చదివాను. ముసలమ్మలిద్దరూ ఎదురెదురుగా నిలబడి కూడా, అలవాటు కొద్దీ, ఏరు దాటేలా అరుచుకుంటూ మాట్లాడుకునే చోటికి వచ్చేసరికి నా గొంతు కిటికీ దాటింది. కాగితం మీంచి కళ్లెత్తి చూశాను.

ఆగింది! సగం తుంచిన చిక్కుడుకాయ అమ్మ వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది.