వయొలిన్‌కి ఊపిరి

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఏదో నాటకం పద్యం కూనిరాగం తీస్తూ, పాదం మధ్యలో ఆగిపోతున్నాడు. "పద్యం మరిచిపోయారా బాబాయ్?" అని తెలుగులో అడిగాను.

ఆయన నావైపు తిరిగి చెప్పుకొచ్చాడు. ఈ ఊళ్లోనే పూరీ గేట్ పేటలో తెలుగువాళ్లు ఆడే పద్యనాటకంలో ఆయనది హార్మోనియం, నాయిక ఆయన భార్య. ఆమె పోయాక పాడేవాళ్లు దొరక్క, నాటకం మొత్తాన్ని గొంతు లేకుండా ఉత్త వాద్యాలకి మారుస్తున్నాడట. ఆమె పద్యాలన్నీ వయొలిన్‌కి ఇచ్చాడట.

"ఆ ఆగడం మా ఆవిడది బాబూ. గుండె జబ్బొచ్చినాక అక్కడ ఆగి ఊపిరి తీసుకునీది. జనానికి తెలీకుండా నేను హార్మోనియం వాయిస్తా ఉండీవోణ్ణి. వయొలిన్‌కి ఊపిరేటి, తీసెయ్యమంటన్నాడు మా వయొలిన్ వాయించే బెంగాలీ దాదా."

"తీసేస్తారా?"

"తీసేస్తేనే పద్యం బాగుంటాది. నాకు తెల్సు."

మళ్లీ మొదలుపెట్టి, ఆ చోటికి వచ్చేసరికి మళ్లీ ఆగాడు. పద్యం ఆగినా, ఆయన ఎడమ చెయ్యి మాత్రం ఒళ్లో లేని హార్మోనియం తిత్తిని మెల్లగా ఆడిస్తూనే ఉంది.

నా బండి వచ్చింది. నేను లేచి బయటికి నడిచేదాకా కూడా ఆమె ఊపిరి తీసుకుని పద్యం అందుకోలేదు.