సునీత మెరుపును నేను చంపిన రోజు

మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో రాక్షసులు దిల్‌సుఖ్‌నగర్‌లో మా డాబా మీదికే వచ్చేవారు... సాయంత్రం నాలుగింటికి, వాటర్ ట్యాంకు నీడ పడగానే.

చిన్న మామయ్య కాలేజీ హాస్టల్ నుంచి ఒక ఆట తాలూకు జిరాక్స్ కాగితాలు తెచ్చాడు. ఒకరు కథ నడపాలి. మిగతావాళ్లు తలా ఒక వీరుణ్ణి తయారుచేసుకుని ఆ కథలో తిరగాలి. కాగితాలు మా మామయ్యవి, డాబా మాది... కాబట్టి కథ నడిపేది, రాక్షసుల తరఫున ఆడేది నేనే. ఆడేది కింది వాటాలో కిరాయికుండే సునీత, పక్కింటి ప్రవీణ్, వాడి చెల్లెలు కవిత.

అసలు మజా అంతా యుద్ధంలోనే. రాక్షసుడు ఎదురుపడగానే గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసేవాళ్లం. వంతు వచ్చినవాళ్లు నాలుగు గళ్లు నడిచి ఒక దెబ్బ వేయొచ్చు. దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక కావాలట... అది ఇటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి అటు ఎల్బీనగర్ దాకా ఏ దుకాణంలోనూ దొరకలేదు. అందుకని అమ్మ హౌసీ ఆడే అంకెల సంచిలోంచి ఒకటి నుంచి ఇరవై దాకా బిళ్లలు ఏరుకున్నాం. వచ్చిన అంకెకు మన బలం కలిపితే ఎదుటివాడి కవచం అంకె దాటాలి. దాటితే దెబ్బ తగిలినట్టే.

హౌసీలో తీసిన బిళ్ల మళ్లీ సంచిలో వేయరు కదా... మేమూ వేసేవాళ్లం కాదు. పళ్లెంలో పెట్టి, సంచి ఖాళీ అయ్యాకే అన్నీ మళ్లీ పోసేవాళ్లం. అది తప్పని, ప్రతిసారీ ఇరవై అంకెలూ సంచిలో ఉండాలని మామయ్య ఫోన్లో చెప్పాడు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. పళ్లెం చూస్తే సంచిలో ఏం మిగిలాయో నాకు తెలిసిపోయేది మరి.

సునీత వీరనారి పేరు మెరుపు. పొడుగు నోట్‌బుక్ కాగితం మీద కత్తితో సహా బొమ్మ వేసి, రంగులద్దుకుంది. మెరుపు వంతు వస్తే గొంతు మార్చి మాట్లాడేది. ప్రవీణ్, కవిత నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. సునీత రాకుండా ఆట మొదలుపెట్టనిచ్చేవాళ్లు కాదు. నాకు ఒళ్లు మండేది.

బడంగ్‌పేట్‌లో వాళ్ల సొంతిల్లు పూర్తి కావొచ్చింది. ఇంకో పది రోజుల్లో వెళ్లిపోతారు. ఆ పది రోజులూ మాతో ఆడుకోవాలన్నదే తన ఆశ. కానీ మా ఆటలో వీరుడు చస్తే, ఆ సెలవులన్నీ బయటే.

ఆ రోజు రాక్షసుడి వంతు వచ్చేసరికి పళ్లెంలో పదహారు బిళ్లలున్నాయి. సంచిలో మిగిలినవి మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది. రాక్షసుడి పక్క గడిలో కవిత కూడా ఉంది... ఒంటి నిండా ప్రాణంతో. మెరుపుకు మాత్రం చారెడు ప్రాణమే మిగిలింది. నేను మెరుపునే కొట్టాను. ఆరు వచ్చింది. రాక్షసుడి బలానికి అది చాలు. మెరుపు పడిపోయింది.

పడినవాళ్లు వరుసగా మూడు బిళ్లలు తీయాలి. ఒక్కటైనా పది, ఆపైన వస్తే బతుకుతారు. సునీత కళ్లు మూసుకుని చెయ్యి పెట్టింది. నాలుగు. తర్వాత తొమ్మిది... కవిత అయ్యో అంది. తర్వాత మూడు.

"అన్ని బిళ్లలు మళ్ల సంచిల ఏసి, ఒక్కసారి తీయనియ్యవే" అంది సునీత.

"తీసిన బిళ్ల మళ్ల ఎయ్యొద్దు. గదే రూలు" అన్నాను.

చచ్చినవాళ్ల కాగితం నేను చింపేయాలి, అలవాటు ప్రకారం. ఆ రోజు మాత్రం తననే చింపమన్నాను. చింపింది, బొమ్మ ఉన్నవైపు లోపలికి మడిచి మరీ. నిజం చెప్తున్నా... నాకు చాలా సంతోషమేసింది.

తర్వాత రెండు రోజులు వచ్చి ట్యాంకు పక్కన కూర్చుని చూసింది. చూసేవాళ్లు సైగలు చేస్తారని కిందికి పంపేశాను. సామాను డీసీఎం వ్యాన్‌లో ఎక్కించిన రోజు, కింద నుంచి నా పేరు పెట్టి పిలిచింది. వినబడింది. ప్రవీణ్ లేవబోతే, యుద్ధం మధ్యలో లేస్తే వంతు పోతుందని కూర్చోబెట్టాను. రెండోసారి పిలవలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఎల్బీనగర్‌లో ఒక కేఫ్‌లో ఇదే ఆట ఆడుతోంది. అసలు పాచికలు, రంగుల బొమ్మలు... మొన్న తన వీరుడు చచ్చిపోయాడు. కథ నడిపే కుర్రాడు వెంటనే కొత్త కాగితం ఇచ్చి, ఇంకొకణ్ణి తయారుచేసుకోమన్నాడట. కుర్చీలోంచి లేవాల్సిన పని కూడా లేదట. మా రోజుల్లో అంత దయ లేదు. లేకుండా చేసింది నేనే.

చిన్నప్పుడు ఆటలోంచి గెంటించుకున్నవాళ్ల జ్ఞాపకాలు ఈ గ్రూపులో చాలా చదివాను... గెంటినవాళ్లు ఒక్కరూ రాయలేదు. ఉంటే రాయండి. నేను రాశాను కదా.