లినక్స్‌లో లక్ష్మీదేవి

డోన్‌లో నేను పనిచేసే చీరల అంగట్లో కంప్యూటర్ వైరస్ పట్టి ఊరికే పడకేస్తుంటే, విసిగిపోయి నిన్న సాయంత్రం అందులోని విండోస్ అంతా తుడిచేసి, దాని బదులు వైరస్‌లు అంతగా అంటని ఉచిత సిస్టమ్ లినక్స్ ఎక్కించాను. నాకెవరూ నేర్పలేదు. కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీ పెట్టి, పాడుచేసి, మళ్లీ పెట్టి నేర్చుకున్నదే. బిల్లులు, ప్రింటరు అన్నీ పనిచేశాయి.

ఈ ఉదయం మా ఓనరు శెట్టిగారు రోజూలాగే మానిటర్‌కు అగరుబత్తి చూపించబోయి ఆగిపోయారు. తెర మీద ఎప్పుడూ ఉండే లక్ష్మీదేవి బొమ్మ లేదు, ఉత్త గోధుమ రంగు ఉంది.

"ఏం రా, అమ్మ యాడికి పోయింది?"

"అది బొమ్మే కదా శెట్టిగారూ. మిషను శానా బాగా పనిచేస్తాండాది, చూడండి."

"శుక్రవారం పూట అంగట్లోంచి లక్ష్మిని తీసేసి, బాగా పనిచేస్తాండాదంటావా? పాతదే పెడతావా, ఇంటికి పోతావా?"

ఒళ్లు మండింది. అయినా నెట్ సెంటరుకు పోయి, అలాంటి బొమ్మే తెచ్చి లినక్స్ తెర మీద పెట్టాను. పాతదే వచ్చిందనుకుని ఆయన దండం పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం దాకా కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు.

అంగడి మూసేటప్పుడు శెట్టిగారు పక్కంగడాయనతో చెబుతున్నారు: "అమ్మ తిరిగొచ్చినాక వైరస్సే లేదప్పా!"

తన కంప్యూటర్‌కూ వైరస్ పట్టిందని పక్కంగడాయన రేపు నన్ను రమ్మన్నాడు, ఆ బొమ్మ తీసుకుని. సీడీ కూడా జేబులో వేసుకుపోతున్నాను. మీ ఊళ్లో లినక్స్ ఏ దేవుడి పేరు మీద నడుస్తోందో చెప్పండి.